క్రెడిట్ పద్ధతియు బి.ఏ. విద్యయు

అనకాపల్లి బెల్లపు విపణిలో నొక ప్రొద్దు నిలిచి చూచినవారికి రెండు సంగతులు తెలియును. దిమ్మల బరువు వేఱు, దిమ్మల రంగు వేఱు. బరువును త్రాసు చెప్పును. రంగును గట్టిదనమును వర్తకుని కన్నును చేయియు చెప్పును. ఎంత మేలైన సరకైనను నాలుగు దిమ్మలే యున్నచో రైతునకు వచ్చు సొమ్ము కొంచెమే. నల్లనిదైనను బండెడున్నచో నతని సగటు ధర యా నల్లని సరకునుబట్టియే దిగజారును. నేఁడు బి.ఏ. చదువు విద్యార్థి చేతికి వచ్చు మార్కుల పత్రమును తెలిసికొనుటకు నీ రెండు సంగతులే చాలును. క్రెడిట్టనునది బరువు, గ్రేడనునది రంగు. ఇంత సులువైన విషయము తలిదండ్రులకే కాక బోధకులలోఁ గొందఱకును చిక్కుముడిగా నుండుటకుఁ గారణము, పాత పద్ధతి మన మనస్సులలో నింకను తొలఁగక నిలిచియుండుటయే.

ఆ పాత పద్ధతి యెట్టిది? 1857లో స్థాపింపఁబడిన మద్రాసు విశ్వవిద్యాలయమునుండి మనకు సంక్రమించినది. 1926లో నేర్పడి, మొదట బెజవాడలో నుండి, 1930లో వాల్తేరునకుఁ దరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఆ త్రోవనే నడచినది. ఇంగ్లీషొక భాగము, దేశభాషగాని సంస్కృతాదులుగాని యొక భాగము, ఐచ్ఛిక విషయము లొక భాగము. చదువు కాలమంతయు నొకయెత్తు. చివరి పరీక్షా దినములు పదియు నొకయెత్తు. ఆ దినములలో జ్వరము వచ్చినవాని గతి యేమని యెవ్వరును విచారింపరు. ఫలితము మొదటి తరగతి, రెండవ తరగతి, మూఁడవ తరగతి యను మూఁడు మాటలలో ముగియును. దానిలోఁ గ్రూరత్వము కలదు. కాని గ్రహించుటకుఁ గష్టము లేదు.

క్రెడిట్ పద్ధతి జన్మస్థానము అమెరికా. 1869 మొదలు 1909 వఱకు హార్వర్డు విద్యాలయమున కధ్యక్షుఁడై యుండిన చార్లెస్ ఎలియట్ విద్యార్థులు తమ పాఠ్యవిషయములను తామే యెన్నుకొను నేర్పాటును విస్తరింపఁజేసెను. ఒకఁడు గ్రీకును, వేఱొకఁడు రసాయన శాస్త్రమును ఎన్నుకొన్నప్పుడు, ఇరువురును సమానముగాఁ జదివిరని చెప్పుటకొక కొలత కావలసివచ్చినది. ఆ కొలత స్థిరపడిన విధము వినఁదగినది. కార్నెగీ మహాశయుని ధనముతో 1905లో నేర్పడిన సంస్థ కళాశాలాధ్యాపకులకు వృద్ధాప్య వేతన మీయఁబూని, ఆ వేతనమునకుఁ దగిన కళాశాల యేదని నిర్ణయించుటకు ప్రవేశార్హతగా ఉన్నత పాఠశాల చదువులో 14 ప్రమాణములు కోరవలెనని నియమించెను. ఒక ప్రమాణమనఁగా సంవత్సరమున 120 గంటలు గురుసన్నిధిని గడపుట. పింఛను కోఱకు పుట్టిన కొలత లోకమందలి విద్యార్థుల నందఱను కొలుచు త్రాసైనది! ఈ కథ పరిహాసమునకుఁ జెప్పలేదు. క్రెడిట్టు కాలమును కొలుచునేకాని జ్ఞానమును కొలువదని దాని పుట్టుకయే చెప్పుచున్నది.

మన దేశమున యు.జి.సి. యని వాడుకలోనున్న సంఘమువారి నిర్వచనము ప్రకారము, వారమున కొక గంట పాఠముగాని, రెండు గంటల ప్రయోగముగాని యొక యర్ధసంవత్సరము నడచినచో నది యొక క్రెడిట్టు. ఆ యర్ధసంవత్సరమును సెమిస్టరనుట వాడుక. ఆంధ్రదేశపు డిగ్రీ కళాశాలలలో నీ విధానము 2015-16లోఁ బ్రవేశించినది. వర్తక సంఘమువారి పేరును లింగమూర్తిగారి పేరును దాల్చి, జనులచేత ఏ.యం.ఏ.యల్. కళాశాల యని పిలువఁబడు అనకాపల్లి విద్యాలయము మొదలు మన్యమందలి చిన్న కళాశాలల వఱకును అన్నియు దీనిలోనికి వచ్చినవి. బెల్లపు వర్తకముతో వర్ధిల్లిన పట్టణములో వర్తకుల పేర వెలసిన కళాశాలకు తూనిక పద్ధతి వచ్చుట వింతగాఁ దోఁపదు. క్రెడిట్టనఁగా మన చిట్టాలలోని జమయే కదా.

ఇఁక లెక్క. మార్కులను నేరుగాఁ గూడరు. మార్కులనుబట్టి యొక యక్షరమును, అక్షరమునుబట్టి యొక యంకెను ఇత్తురు. యు.జి.సి. వారి పట్టికలో 'ఓ' యనుదానికి 10, 'ఏ ప్లస్'నకు 9, 'ఏ'కు 8, 'బి ప్లస్'నకు 7, 'బి'కి 6, 'సి'కి 5, ఉత్తీర్ణత మాత్రమైన 'పి'కి 4, తప్పినచో సున్న. ఉదాహరణకు చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి చదువు నొక బాలిక మొదటి సెమిస్టరులో తెలుఁగున 9, ఇంగ్లీషున 6, చరిత్రలో 7, అర్థశాస్త్రమున 5, రాజనీతిలో 7, జీవన నైపుణ్యమను చిన్న పాఠమున 10, వృత్తి నైపుణ్యమను మఱియొక చిన్న పాఠమున 8 తెచ్చుకొన్నదనుకొందము. ఏడంకెలను గూడి యేడింటఁ బంచినచో 7.43 వచ్చును. ఇది తప్పులెక్క. భాషలు రెండును ఒక్కొక్కటి 3 క్రెడిట్లు, చిన్న పాఠములు రెండును ఒక్కొక్కటి 2, ప్రధాన విషయములు మూఁడును ఒక్కొక్కటి 4. మొత్తము 22. ప్రతి యంకెను దాని బరువుచే గుణించి కూడఁగా తెలుఁగునకు 27, ఇంగ్లీషునకు 18, చరిత్రకు 28, అర్థశాస్త్రమునకు 20, రాజనీతికి 28, చిన్న పాఠములకు 20, 16, వెరసి 157. దీనిని 22చే భాగింపఁగా 7.14. ఇదియే యా సెమిస్టరు సగటు. చిన్న పాఠములోని పది యామెను పైకెత్తలేకపోయినది. బరువైన అర్థశాస్త్రములోని యైదు క్రిందికి లాగినది. సెమిస్టర్ల సగటులను మరల వాని వాని క్రెడిట్లచే గుణించి యిట్లే కూర్చినచో చివరి సగటు వచ్చును. దానికిని దీనికిని సూత్ర మొక్కటే.

ఈ యేర్పాటులో మేలు లేకపోలేదు. ఒక పాఠమున తప్పినవాఁడు దానినే మరల వ్రాయును. తక్కిన జమ చెడదు. 2021లో నేర్పడిన విద్యాజమల నిధిలో తన క్రెడిట్లను దాఁచుకొని, చదువు నడుమ నాఁగి, మరల వచ్చి కొనసాగించుకొనవచ్చును. ఆ జమ యేడేండ్ల వఱకు చెల్లును. 2022 డిసెంబరులోఁ బ్రకటింపఁబడిన జాతీయ ప్రణాళికలో మూఁడేండ్ల పట్టమునకు 120, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లు కనీసము. కుటుంబ భారముచేతనో వివాహముచేతనో చదువు విడుచు బాలికలకు ఇది యొక ఆధారము.

గ్రేడు విషయమున మాత్రము నా కొక సందేహము తీఱలేదు. అఱువది మొదలు అఱువదితొమ్మిది వఱకు ఒకే యక్షరమైనచో, తొమ్మిది మార్కుల భేదము మాయమగును. యేఁబదితొమ్మిదికిని అఱువదికిని నడుమనున్న యొక్క మార్కు కొండయగును. ఒక్క మార్కునకు ప్రాణములు విడుచు పాత బాధను తొలఁగించుటకే యక్షరములు వచ్చినవందురు. బాధ తొలఁగలేదు, గట్టు మీఁదికి జరిగినది.

పరీక్షా విధానమునకు వత్తము. మన రాష్ట్రమున సాధారణముగా నొక పాఠమునకు నూఱు మార్కులలో 75 సెమిస్టరు చివరి పరీక్షకును, 25 కళాశాలలోని గురువులే చేయు మూల్యాంకనమునకును కేటాయించిరి. నా దృష్టిలో ఈ పద్ధతి సారమంతయు నా యిరువదియైదింటనే కలదు, వ్యర్థమగునదియు నదియే. పద్యమును విఱుపు తప్పక చదువఁగలఁడా, అన్వయము చెప్పఁగలఁడా, తెలియని పదమునకు నిఘంటువు చూడ నేర్చెనా యను సంగతులు వ్రాఁత పరీక్షలో తేలవు. గురువెదుటఁ దేలును. అట్టి దానిని వదలి, ఆ మార్కులను సైతము గైడు పుస్తకమునుండి యెత్తివ్రాసిన నాలుగు పుటలకుఁ బంచిపెట్టినచో త్రాసు మాఱినదేకాని సరకు మాఱలేదు.

పరీక్ష నియమము భాషనే మార్చుననుటకు మనకంటె నెక్కువ యెఱిఁగినవారు లేరు. మద్రాసు విశ్వవిద్యాలయమువారు విద్యార్థి తెలుఁగు వ్యాసమును ఏ శైలిలో వ్రాయవచ్చునను ప్రశ్న నెత్తఁగా, ఆంధ్రదేశము రెండు పక్షములుగాఁ జీలినది. 1911లో వెలసిన ఆంధ్రసాహిత్య పరిషత్తు గ్రాంథిక పక్షమున నిలిచినది. నేఁటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు 1914లో తమ యసమ్మతి పత్రమును ఆ విశ్వవిద్యాలయమునకే సమర్పించిరి. (గ్రాంథికమున నీమాట వ్రాయుచున్నందుకు కొందఱు నవ్వవచ్చును, నవ్వనిండు.) నాఁడు వాదము శైలినిగూర్చి. నేఁడు వాదింపవలసినది గంటలనుగూర్చి. కాని వాదించువారు కానరారు.

లెక్క చూడుఁడు. 2020-21లోఁ జేరినవారికి రాష్ట్ర ఉన్నత విద్యామండలివారు సవరించి యిచ్చిన ప్రణాళికలో ద్వితీయభాషగాఁ దెలుఁగు మూఁడు సెమిస్టర్లే. సెమిస్టరునకు 3 క్రెడిట్లు. వెరసి తొమ్మిది. జాతీయ ప్రణాళికలో నొక క్రెడిట్టునకు 15 గంటల పాఠమను కొలతనుబట్టి 135 గంటలు. పైని చెప్పిన అమెరికా పాఠశాల ప్రమాణ మొక్కటి 120 గంటలు. అనఁగా పట్టభద్రుఁడు కాఁబోవు నాంధ్ర విద్యార్థి మొత్తము పట్టపు చదువులోఁ బొందు తెలుఁగు, శతాబ్దికి పూర్వము అమెరికా బాలుఁ డొక్క సంవత్సరమున నొక్క విషయమునకు వినియోగించినదానికంటెఁ గొంచెమే యధికము! ఆ గంటలలో నన్నయనుండి నేఁటి కథ వఱకు ముట్టవలయును. ముట్టుట యనుమాటయే సరియైనది, చదువుట గాదు. తెలుఁగునే ప్రత్యేక విషయముగా నెన్నుకొన్నవారి సంగతి వేఱు. 2023-24 నుండి మూఁడు సమాన విషయములకు బదులు ఒక ప్రధానమును ఒక ఉపప్రధానమును చదువు నేర్పాటు వచ్చినందున, తెలుఁగు ప్రధానముగాఁ జేరినవానికి లోతు చిక్కును, తక్కినవారికిఁ జిక్కదు. మనము తలపోయవలసినది ఆ తక్కినవారినిగూర్చి.

గంటలు పెంచుఁడని యర్జీలు వ్రాయుట మంచిదే. అంతలో చేతనున్నదాని నుపయోగించుకొనవచ్చును. ఆ 2020 ప్రణాళికలోనే తరగతి గదికి వెలుపల పదినెలల పని విధింపఁబడినది. మొదటి సంవత్సరము చివర విద్యార్థి యొక గ్రామమునకో వాడకో పోయి 180 గంటలు సామాజిక సేవా ప్రణాళికయను పని చేయవలయును. దానికి 4 క్రెడిట్లు. తఱచుగా నిది ప్రశ్నపత్రములు నింపుకొనివచ్చుటతో ముగియును. తెలుఁగు గురువు మార్గదర్శియైనచో ఆ 180 గంటలు ద్వితీయభాష గంటలన్నింటికంటె నెక్కువ యని గమనింపుఁడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములతో మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటమును 1962లో వెలువరించిరి. అనకాపల్లి చుట్టుపట్ల చెఱకు నఱకుట మొదలు గానుగ, పొయ్యి, పెనము, పాకము, దిమ్మ, పిప్పి వఱకు ఒక్కొక్క పనికిని ఒక్కొక్క పరికరమునకును రైతుకూలీల నోట నున్న మాటలను నలుగురు విద్యార్థులు తిరిగి, చెప్పినవారి యూరు పేరుతో వ్రాసికొనివచ్చినచో, ఆ పనికి మార్కులు వేయుటకు గైడు పుస్తకము దొరకదు. గ్రామపు బాగోగులు విచారింప వెళ్లినవానికి ఆ గ్రామపు మాటలు విచారించుట సేవకు వెలుపలిది కాదని నా యభిప్రాయము. యంత్రములు వచ్చి గానుగలు తగ్గుచున్నవి. పదములు గానుగలతోఁ బోవుచున్నవి. ఈ వేసవిలో నొక్క కళాశాలయైనను పూనుకొని జాబితాలు పంపినచో, వానిని సరిచూచి యచ్చొత్తుటకు మన పత్రికలోఁ జోటున్నది.