పాట ఆగకుండా చూసేవాళ్ళు

మా నాన్నది మైకుసెట్టు. 1970ల్లో, 80ల్లో తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరిందంటే పందిరి వేసేవాళ్ళతో పాటే మా నాన్నకీ కబురొచ్చేది. అహూజా యాంప్లిఫయరు, రెండు హారన్లు, ఒక రికార్డు ప్లేయరు, రేకుపెట్టె నిండా రికార్డులు. సైకిలు మీద రెండు విడతలుగా చేరవేసేవాడు. ప్లేయరు ఒక్కటే కాబట్టి పాట అయ్యాక ముల్లు ఎత్తి, రికార్డు మార్చి, మళ్ళీ ముల్లు దించేదాకా పందిరంతా బోసిపోయేది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా ఆ కాసేపటిని ఆయన దాటలేకపోయాడు. "పాట ఆగితే పెళ్ళే ఆగినట్టుంటుందిరా" అని బాధపడేవాడు.

ఆ కాసేపటిని లేకుండా చేసిన మనుషుల్ని నేను ఉద్యోగానికి వెళ్ళిన షికాగోలో చూశాను.

మా ఆఫీసులో నా పక్క సీటావిడ షికాగో దక్షిణ భాగంలో పుట్టి పెరిగిన నల్లజాతి మహిళ. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒక జులైలో, "మా ఊరి తిరునాళ్ళ చూద్దువుగాని, రా" అన్నట్టుగా పిలిచి జాక్సన్ పార్కుకి తీసుకెళ్ళింది. మిషిగన్ సరస్సు ఒడ్డున పెద్ద మైదానం. తెల్లారకముందే వచ్చి గుడారాలు వేసుకున్న కుటుంబాలు. బొగ్గుల మీద మాంసం కాలుతున్న పొగ. మనవరాలి చెయ్యి పట్టుకుని చిందేస్తున్న అమ్మమ్మలు. వేదిక మీద రికార్డులు తిప్పుతున్నవాళ్ళంతా జుట్టు నెరిసిన మగవాళ్ళు. వాళ్ళే 'చోజెన్ ఫ్యూ' డీజేలు. 1990లో హాచెట్ అనే కుటుంబం బంధువులంతా కలుసుకున్న రోజున, అక్కడికి దగ్గర్లోని మ్యూజియం వెనక మొదలైన చిన్న వనభోజనం ఇంత పెద్దదైంది.

"ఆ ఆయన లాయరు" అని మా ఆఫీసావిడ వేదిక వైపు చూపించింది. ఆయన పేరు అలన్ కింగ్. వారమంతా కోర్టు కాగితాలు చూసుకునే వకీలు. ఈ జట్టుని 1977లో కట్టిన వేన్ విలియమ్స్ తర్వాత జైవ్ రికార్డ్స్ అనే కంపెనీలో కొత్త గొంతుల్ని వెతికి తెచ్చే ఉద్యోగం చేశాడు. హైస్కూలు వయసులో మొదలుపెట్టిన పనిని అరవై దాటినా వదలనివాళ్ళు వీళ్ళు. నలభై ఏళ్ళు డీజేగా ఉండటం ఎలా సాధ్యం? ఆ రోజు నాకు పుట్టిన ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే షికాగో కథంతా తెలిసింది.

ఆ కథ డీజేతో మొదలవదు, గదితో మొదలవుతుంది. రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన న్యూయార్క్ నుంచి షికాగో వచ్చాడు. తెల్లవార్లూ డాన్సు చేసే చోట్లు న్యూయార్క్‌లో ఉన్నాయి, ఇక్కడ లేవు. అందుకని 206, సౌత్ జెఫర్సన్ వీధిలో మూడంతస్తుల పాత పారిశ్రామిక భవనం అద్దెకు తీసుకుని 1977లో క్లబ్బు తెరిచాడు. జనం దాన్ని 'వేర్‌హౌస్' అన్నారు. డీజేగా రమ్మని ముందు న్యూయార్క్ డీజే లారీ లెవాన్‌ని అడిగాడు. ఆయన రానన్నాడు. అప్పుడు ఆయన స్నేహితుడు, ఇరవై రెండేళ్ళ ఫ్రాంకీ నకల్స్ వచ్చాడు. అక్కడ మద్యం ఉండేది కాదు, పళ్ళరసాలూ మంచినీళ్ళే. వచ్చేవాళ్ళు ఎక్కువగా నల్లజాతి, లాటినో కుర్రాళ్ళు. వాళ్ళలో చాలామంది స్వలింగ ప్రేమికులు, మిగతా ఊళ్ళో తలుపులు మూసుకుపోయినవాళ్ళు. 'హౌస్' అనే డాన్సు సంగీతం పేరు ఈ వేర్‌హౌస్ నుంచే పుట్టిందని ఎక్కువమంది చెప్పే మాట.

ప్రమోటరు అంటే పోస్టర్లు అంటించి టికెట్లు అమ్మేవాడనుకుంటాం. రాబర్ట్ విలియమ్స్‌ని చూస్తే ఆ పని లోతు తెలుస్తుంది. చోటు వెతకాలి, అద్దె కట్టాలి, స్పీకర్లు తేవాలి, గుమ్మం దగ్గర ఎవరికీ అవమానం జరక్కుండా చూడాలి. ఆ తర్వాతే డీజే చెయ్యి రికార్డు మీద పడుతుంది.

ఇక ఆ చెయ్యి ఏం చేస్తుంది? డీజే ముందు రెండు రికార్డు ప్లేయర్లు, మధ్యలో మిక్సరు ఉంటాయి. ఒకదాని మీద పాట జనం వింటుంటారు. రెండోదాని మీద రాబోయే పాటని డీజే ఒక్కడే చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని వింటాడు. రెండింటి నడకా ఒకటి కాదు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్క్ 2 మీద ఒక జారుడు మీట ఉంటుంది. దాన్ని జరిపితే పాట వేగం నూటికి ఎనిమిది వంతుల దాకా పెరుగుతుంది, తగ్గుతుంది. రెండు దరువులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేదాకా జరిపి, అప్పుడు మెల్లగా రెండో పాటని పైకి తెస్తాడు. పాట మారిందని చెవికి తెలిసేలోపే కాళ్ళు కొత్త పాటలోకి వెళ్ళిపోతాయి. ఇది మొదటిసారి దగ్గర నుంచి చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. నాన్నకి రెండో ప్లేయరు ఉండి ఉంటే అనిపించింది.

వేర్‌హౌస్‌లో మోగే డిస్కో పాటలంటే ఊళ్ళో అందరికీ ఇష్టం కాదు. 1979 జులై 12న షికాగోలోనే కొమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని గుట్టపోసి పేల్చేశారు. ఒక రికార్డు తెస్తే 98 సెంట్లకే లోపలికి పంపారు. జనం మైదానంలోకి దూకారు, ఆ రోజు ఆడాల్సిన రెండో ఆట జరగలేదు. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకి సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కాని నల్లజాతి గాయకుల రికార్డులు కూడా ఉన్నాయని అతను గమనించాడు. ఆ కుర్రాడే తర్వాత జెస్సీ సాండర్స్‌తో కలిసి 1984లో 'ఆన్ అండ్ ఆన్' తెచ్చాడు. హౌస్ సంగీతంలో మొట్టమొదటి రికార్డుల్లో దాన్ని లెక్కిస్తారు.

ఆ పేలుడు తర్వాత పెద్ద కంపెనీలు డిస్కో తియ్యడం తగ్గించాయి. కొత్త పాటలు లేకపోతే డీజే ఏం వేస్తాడు? నకల్స్ పాత పాటల్నే టేపు మీదికెక్కించి, బాగున్న ముక్కని కత్తిరించి అతికించి, చిన్న పాటని చాలాసేపు నడిపించాడు. తర్వాత డ్రమ్ మెషీన్ దరువు జోడించాడు. సరుకు లేనిచోట సరుకు పుట్టించుకోవడం, అదే హౌస్ సంగీతానికి పునాది. 1982 తర్వాత నకల్స్ వేర్‌హౌస్ వదిలి సొంతంగా 'పవర్ ప్లాంట్' అనే క్లబ్బు పెట్టుకున్నాడు. రాబర్ట్ విలియమ్స్ కుంగిపోలేదు, 'మ్యూజిక్ బాక్స్' తెరిచి డీజేగా రాన్ హార్డీని తెచ్చాడు. హార్డీది మరింత వేగం, మరింత హోరు. ఫ్యూచర్ అనే బృందం 'యాసిడ్ ట్రాక్స్' టేపు ఇస్తే ఒకే రాత్రి నాలుగుసార్లు వేశాడట. మొదటిసారి జనం డాన్సు ఆపేశారు, నాలుగోసారికి ఊగిపోయారు. జనం వద్దన్నదాన్ని వాళ్ళకి నచ్చేదాకా వినిపించగల ధైర్యం ఆయనది.

1987 జనవరిలో స్టీవ్ 'సిల్క్' హర్లీ పాట 'జాక్ యువర్ బాడీ' బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. పేరు యూరప్‌కి పాకింది కానీ డబ్బు షికాగోకి తిరిగి రావడం కష్టమైంది. రాయల్టీలు అందలేదన్నది అక్కడి పాత గాయం. అక్కడి హౌస్ కళాకారులు లారీ హెర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెక్కి, 2022లో తమ పాటల మీద హక్కు తిరిగి తెచ్చుకున్నారు. పాట చేసిన మూడున్నర దశాబ్దాలకి! ఈ సంగతి చదివినప్పుడు, పెళ్ళయిన ఆరు నెలలకి కూడా బాకీ కోసం నాన్న సైకిలు తొక్కిన ఇళ్ళు గుర్తొచ్చాయి.

రాన్ హార్డీ 1992లో ముప్ఫై మూడేళ్ళకే పోయాడు. ఆయన పేరు మీద రికార్డులు దాదాపు లేవు. అభిమానులు దాచుకున్న కాసెట్లే ఆయన ఆస్తి. నకల్స్ కథ వేరు. 1998లో, ఉన్న పాటని కొత్తగా మలిచే రీమిక్సర్లకి మొట్టమొదటి గ్రామీ ఆయనకే ఇచ్చారు. 2004లో జెఫర్సన్ వీధిలో కొంత భాగానికి ఆయన పేరు పెట్టారు. అప్పట్లో రాష్ట్ర సెనేటరుగా ఉన్న బరాక్ ఒబామా అందుకు సాయపడ్డాడు. 2008లో అనారోగ్యం వల్ల ఒక పాదం తీసేసినా నకల్స్ రికార్డుల ముందు నిలబడటం మానలేదు. 2014 మార్చి 31న, 59 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. 2023 జూన్‌లో షికాగో నగరం వేర్‌హౌస్ భవనాన్ని కాపాడాల్సిన కట్టడంగా ప్రకటించింది.

జాక్సన్ పార్కుకి దగ్గర్లోనే స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంక్ ఉంది. 1923లో కట్టిన బ్యాంకు, మూతపడి పాడుబడితే కళాకారుడు థియాస్టర్ గేట్స్ ఒక్క డాలరుకి నగరం నుంచి తీసుకుని బాగుచేశాడు. నకల్స్ రికార్డులన్నీ అక్కడే పెట్టారు. వేలల్లో ఉన్నాయి. కొన్ని అట్టల అంచులు నలిగి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒకే చెయ్యి, ఒకే చోట పట్టుకుని పైకి లాగిన గుర్తు అది. అచ్చం అలాంటి నలుగుడు మా రేకుపెట్టెలో ఉంది.

నలభై ఏళ్ళు ఎలా నిలబడ్డారన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది: ఎవరూ ఒంటరిగా నిలబడలేదు. వేరే జీతంతో ఇల్లు గడుపుకుంటూ సెలవు రోజున వేదికెక్కినవాడు, అద్దె కట్టి గది నిలబెట్టినవాడు, కాసెట్టు దాచినవాడు, ఏటా గుడారం వేసుకోవడానికి వచ్చే ఆ అమ్మమ్మ. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకున్నారు, రెండో ప్లేయరు మీద పాట అందుకున్నట్టు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రేకుపెట్టె దించాను. అడుగున నాన్న పద్దుల పుస్తకం ఉంది. ప్రతి పేజీలో పెళ్ళివారి ఇంటిపేరు, ఊరు, తేదీ, పక్కన రావలసిన డబ్బు. బాకీల కోసమే రాసుకున్నా, మా చుట్టుపక్కల ఊళ్ళు ఏ రోజున పాటలు విన్నాయో చెప్పే కాగితం ఇదొక్కటే. ప్రతి పేజీకీ ఫోటో తీశాను. రికార్డుల పేర్లు ఒకటొకటిగా రాసుకుంటున్నాను. ఇప్పటికి సగం పెట్టె అయింది.