ఎడారిలో ఇనుపదారి

పశ్చిమాఫ్రికాయందలి మారిటేనియా దేశమున సహారా యెడారి నడుమ నొక రైలుమార్గము కలదు. జూయెరాతు గనులనుండి అట్లాంటికు తీరమందలి నౌదీబూ రేవువఱకు దాని నిడివి 704 కిలోమీటర్లు. రెండువందల పెట్టెలకు మించి, రెండున్నర కిలోమీటర్ల పొడవున సాగు ఇనుపఖనిజపు బండిని జూచి లోకము వింతపడుచున్నది. మేము పాఠకుల దృష్టికి దేగోరునది ఆ పొడవు కాదు. ఆ దారి యెవరికొఱకు వేయబడినది, తుద కెవరిచేతికి వచ్చినది యను చరిత్రము.

1952లో ఫ్రెంచి పెట్టుబడి ప్రధానముగా మిఫెర్మా యను కంపెనీ యేర్పడెను. బ్రిటిషు, జర్మను, ఇటాలియను ధనికులును అందు భాగస్థులైరి. 1960లో ప్రపంచబ్యాంకు 6 కోట్ల 60 లక్షల డాలర్ల ఋణ మొసగెను. ఆ యేటనే నవంబరు 28వ తేదీన మారిటేనియా స్వతంత్రమాయెను. 1963లో తొలి ఖనిజము ఓడ కెక్కెను.

షూము వద్ద నాటి స్పానిషు సహారా సరిహద్దు అడ్డువచ్చెను. చదునైన నేల ప్రక్కనే యున్నను, స్పెయినుతో నొడంబడిక కుదరనందున కఠినశిలను సుమారు రెండు కిలోమీటర్లు తొలిచి సొరంగము చేసిరి. పరదేశ ప్రభువులు పటముపై గీచుకొన్న గీటునకు కొండ గుండె చీలవలసివచ్చెను! నేడా సొరంగము విడువబడినది. బండ్లు ప్రక్కదారినే పోవుచున్నవి.

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను గాని గనికి రాలేదు. సొమ్మొకరిది, సోకొకరిది యన్న సామెత యచట నిజమాయెను. 1968 మే నెలలో జూయెరాతు కార్మికులు సమ్మెకట్టగా సైన్యము కాల్పులు జరిపెను. కార్మికులు ప్రాణములు గోల్పోయిరి. ఆ తుపాకులు పట్టినది పరాయి దొరతనము కాదు, స్వదేశ ప్రభుత్వమే యనుట మఱింత శోచనీయము.

ఆఱేండ్లకు, 1974 నవంబరు 28న, స్వాతంత్ర్యదినముననే అధ్యక్షుడు మోక్తారు ఊల్దు దద్దా ఆ కంపెనీని జాతిపరము గావించెను. స్నిమ్ అను జాతీయసంస్థ గనిని, రైలును చేపట్టెను. పిమ్మట పశ్చిమ సహారా యుద్ధమున పొలిసారియో వీరు లీ మార్గమునే లక్ష్యముగా జేసికొనిరి. 1978లో సైనికులు దద్దాను పదవీచ్యుతుని గావించిరి. దేశపు జీవనాడి యెచట నున్నదో శత్రువులును ఎఱుగుదురు గదా!

నేటికిని దారిప్రక్క పల్లెలకు నీరు రైలుమీదనే వచ్చును. పేదలు ఖనిజపు గుట్టలపై గూర్చుండి, ధూళియు చలియు సహించుచు, రుసుము లేక ప్రయాణించుచు వచ్చిరి. గని జాతిపరమగుట గొప్ప మెట్టే. కాని యది తుదిమెట్టు గాదు. రేవున కేగు సంపదలో గుట్టపై గూర్చున్నవానికి న్యాయమైన పాలు దక్కినప్పుడే ఆ యినుపదారి నిజముగా ఆ జాతిదని మేము తలంతుము.