దుఆ - ఇజాబత్: ఇస్లాంలో వ్యక్తిగత ప్రార్థన, దైవ ప్రతిస్పందనపై విశ్వాసం

వ్యాససంగ్రహం:
ఇస్లాంలో వ్యక్తి తన అవసరాన్ని నేరుగా దైవానికి విన్నవించుకొనే ప్రార్థనను ‘దుఆ’ అంటారు. పిలిచేవారి పిలుపుకు తాను స్పందిస్తానని అల్లాహ్ ఖుర్‌ఆన్‌లో హామీ ఇచ్చాడు. అయితే కోరినవన్నీ నెరవేరకపోవడం విశ్వాసులందరికీ అనుభవమే. ఈ రెండింటి మధ్య కనిపించే వైరుధ్యాన్ని ఇస్లామీయ సంప్రదాయం ఎలా పరిష్కరించిందో ‘ఇజాబత్’ అనే భావన ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దుఆ, సలాత్, ఇజాబత్, ఖుర్‌ఆన్, హదీసు, గజాలీ.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘ప్రార్థన’ అనే ఒక్క మాటే ఇస్లాంలోని రెండు వేర్వేరు ఆచరణలకు వాడుకలో ఉంది. మొదటిది సలాత్, అంటే నమాజు. ఇది రోజుకు ఐదు పూటలు, నిర్ణీత వేళల్లో, నిర్ణీత భంగిమలతో, అరబీ పఠనంతో నెరవేర్చవలసిన విధి. రెండవది దుఆ. దీనికి ధాత్వర్థం పిలుపు. ఇది ఏ వేళలోనైనా, మాతృభాషలోనైనా చేసుకోదగిన విన్నపం. సలాత్ విధి కనుక దాన్ని నెరవేర్చడమే ప్రధానం. దుఆలో మాత్రం ఫలితాన్ని గురించిన ప్రశ్న తప్పదు. బిడ్డ ప్రాణం కోసం రాత్రంతా దుఆ చేసిన తల్లికి ఆ బిడ్డ దక్కకపోతే, దైవం స్పందించాడనే మాటకు అర్థమేమిటి?

2. ఇజాబత్ - పదార్థ వివేచన:
ఈ ప్రశ్నకు మూలాధారం అల్ బఖర అధ్యాయంలోని 186వ వాక్యం. రమజాన్ ఉపవాసాల నియమాలను తెలిపే వాక్యాల నడుమ ఇది వస్తుంది. ప్రజలు అడిగే ప్రశ్నలను ప్రస్తావించే చోట్ల సాధారణంగా ‘చెప్పు’ అనే ఆదేశంతో ప్రవక్త ద్వారా సమాధానం వస్తుంది. నెలవంకలను గురించిన 2:189, మద్యం, జూదాలను గురించిన 2:219 ఇందుకు ఉదాహరణలు. 186వ వాక్యంలో ఆ ఆదేశం లేదు. తాను దగ్గరే ఉన్నానని అల్లాహ్ స్వయంగా పలుకుతాడు. ప్రార్థించేవారికీ దైవానికీ నడుమ మధ్యవర్తి లేడనడానికి వ్యాఖ్యాతలు దీన్ని సూచనగా గ్రహించారు.

ఇక్కడ దైవ ప్రతిస్పందనను తెలిపే క్రియ ‘ఇజాబత్’కు సంబంధించినది. తెలుగులోకి వచ్చిన ‘జవాబు’ అనే అరబీ పదానిదీ ఇదే ధాతువు. కాబట్టి ఈ వాక్యంలోని హామీ జవాబుకు సంబంధించినదే తప్ప, కోరిన రూపంలోనే కోరిక తీరడానికి సంబంధించినది కాదు. అదే వాక్యం చివర, మనుషులు కూడా తన పిలుపుకు స్పందించాలని దైవం అదే ధాతువుతో కోరడం గమనార్హం. అంటే ఇజాబత్ ఉభయ పక్షాలకూ చెందిన బంధం.

3. జకరియ్యా ప్రార్థన:
మర్యం అధ్యాయం ప్రారంభంలో జకరియ్యా ప్రవక్త మెల్లని స్వరంతో సంతానం కోసం వేడుకొంటాడు. ఎముకలు బలహీనపడ్డాయి, తల నెరిసింది, భార్య గొడ్రాలు. ఇంతవరకు తన దుఆ ఎన్నడూ వ్యర్థం కాలేదన్న గతానుభవమే ఆయన నమ్మకానికి ఆధారం. అయినా కుమారుడు కలుగుతాడన్న శుభవార్త విన్నప్పుడు, అదెలా సాధ్యమని ఆయనే ఆశ్చర్యపోతాడు. ఒక సూచన కావాలని అడుగుతాడు. ఆ ప్రశ్నను ఖుర్‌ఆన్ అవిశ్వాసంగా పరిగణించలేదు. కార్యం జరిగే విధానం తెలియకపోయినా దైవంపై నమ్మకం ఉండవచ్చునని ఈ వృత్తాంతం చూపుతుంది.

4. నెరవేరని కోరికలు:
దీనికి భిన్నమైన సందర్భం నూహ్ ప్రవక్తది. ఆయన పిలుపుకు స్పందించి మహావిపత్తు నుండి రక్షించామని 21:76 చెబుతుంది. అయితే వరదలో మునిగిన కుమారుని కోసం ఆయన చేసిన విన్నపం మాత్రం అంగీకారం పొందలేదు (11:45-47). ముహమ్మద్ ప్రవక్త (స) తన సముదాయం కోసం మూడు కోరగా రెండు మాత్రమే అనుగ్రహించబడ్డాయనీ, అంతఃకలహాలు ఉండరాదన్న కోరిక నెరవేరలేదనీ సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతుంది. ప్రవక్తల కోరికలే కొన్ని నెరవేరనప్పుడు, కోరిక తీరకపోవడాన్ని దైవ తిరస్కారానికి గుర్తుగా భావించడం సరికాదు.

ముస్నద్ అహ్మద్‌లోని ఒక హదీసు ఈ విషయాన్ని సూత్రీకరిస్తుంది. పాపాన్ని గాని, బంధుత్వ విచ్ఛేదాన్ని గాని కోరని దుఆకు మూడింటిలో ఒక ఫలితం ఉంటుంది: కోరినది ఇహంలో లభించడం, పరలోకానికి నిల్వ కావడం, లేదా అంతటి కీడు తొలగిపోవడం. అడిగినా స్పందన లేదంటూ తొందరపడటమే దుఆకు ఆటంకమని బుఖారీ, ముస్లిం సంకలనాలు పేర్కొంటాయి.

5. విధి - ప్రయత్నం:
విధి ముందే నిర్ణయమైతే దుఆ ఎందుకు? ఇమామ్ గజాలీ (1058-1111) ‘ఇహ్యా ఉలూముద్దీన్’ తొమ్మిదవ గ్రంథంలో ఈ ప్రశ్నను చర్చించాడు. బాణాన్ని డాలు ఆపినట్లు, నీటివల్ల మొక్క మొలిచినట్లు, దుఆ కూడా విధిలో అంతర్భాగమైన ఒక కారణమని ఆయన సమాధానం. ఆయన చెప్పిన పది మర్యాదలలో స్పందన వస్తుందన్న నిశ్చయం ఒకటి. పశ్చాత్తాపంతో పాటు ఇతరులకు చేసిన అన్యాయాన్ని సరిదిద్దుకోవడం మరొకటి. ఉభయ పక్షాల బంధమనే ఖుర్‌ఆన్ భావన ఇక్కడ ఆచరణ రూపం పొందింది.

6. ముగింపు:
ఇస్లాంలో దుఆపై విశ్వాసమంటే ఫలితాన్ని ముందుగా నిర్దేశించడం కాదు. పిలుపు చేరిందనీ, జవాబు రూపాన్ని నిర్ణయించేది దైవజ్ఞానమనీ అంగీకరించడం. ఈ విశ్వాసం దుఃఖాన్ని నిషేధించదు. కుమారుడు యూసుఫ్ కోసం విలపించి చూపు కోల్పోయిన యాఖూబ్ ప్రవక్త తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకొన్నాడు. అదే సమయంలో దైవకారుణ్యంపై ఆశ వదులుకోవద్దని కుమారులకు చెప్పాడు (12:84-87). బిడ్డను కోల్పోయిన తల్లి వేదనకు ఈ సంప్రదాయంలో ఉన్న ఆధారం ఇదే. ఆమె కన్నీరు అవిశ్వాసం కాదు. ఆమె దుఆ వ్యర్థం కాదు.