బెర్లిన్ దాకా పోయిన నిజాం విమానం

బాన్సువాడలో నిజాం పేరెత్తితే ముందు నిజాంసాగర్ ముచ్చటే వస్తుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు కాలువ నీళ్లే ఇక్కడి వరిపొలాలకు ప్రాణం. దాన్ని కట్టించిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అంతకు ముందే ఇంగ్లీషు వాళ్లకు బాంబర్ విమానాలు ఇచ్చిన సంగతి ఎందరికి తెలుసు?

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలన్నీ ఆయన కానుకే. అందుకే దాని పేరు పక్కన ‘హైదరాబాద్’ చేరింది. ఒక్కో విమానం పక్కన ఇది నిజాం ప్రభువు ఇచ్చిందని వరుస నంబరుతో సహా రాయించారు. పేరు ఆయనది. ఖజానాకు పెద్ద రాబడి మాత్రం ఊళ్ల నుంచి పట్వారీలు లెక్కగట్టిన భూమిశిస్తే.

అవి డి.హెచ్.9ఏ రకం, ఇద్దరు మనుషులు పట్టే విమానాలు. నెత్తిన కప్పు కూడా ఉండేది కాదు. 1918 సెప్టెంబర్‌లో జర్మనీ మీద దాడులు మొదలుపెట్టాయి, నవంబర్‌కల్లా యుద్ధమే అయిపోయింది. ఈలోగా ఆ స్క్వాడ్రన్ వేసిన బాంబులు మొత్తం పదిన్నర టన్నులు. తర్వాతి యుద్ధంలో రెండు లాంకాస్టర్ బాంబర్లు ఒక్క రాత్రిలో మోసుకుపోయే సరుకు అది!

అక్టోబర్ 5న ఎఫ్1010 నంబరు విమానం జర్మన్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. పాతికేళ్ల తర్వాత బెర్లిన్ మీదే బాంబుల వాన మొదలైంది. ఆ వాన కురిపించిన లాంకాస్టర్లలో ఆస్ట్రేలియా వాళ్ల 460, 467 స్క్వాడ్రన్లవీ ఉన్నాయి. ఆ బాంబుల భయానికి నిజాం విమానాన్ని పోలండ్‌కు తరలించారు. అట్లా తప్పించుకోబట్టే బతికింది. 1977లో పోలండ్ వాళ్లు దానికి బదులుగా ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం తీసుకుని బ్రిటన్‌కు తిరిగిచ్చారు. అప్పటికి రెక్కలు లేవు, కొత్తవి చేయించాల్సి వచ్చింది.

ఇప్పుడది లండన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో ఉంది. అక్కడే 467 స్క్వాడ్రన్‌లో ఎగిరిన ‘ఎస్ ఫర్ షుగర్’ లాంకాస్టర్ కూడా ఉంది. 130కి పైగా దాడులకు వెళ్లొచ్చిన విమానం. ఒక్కో దాడికి ఒక్కో బాంబు బొమ్మ చొప్పున ముక్కు పక్కన వరసలు కట్టి గీశారు. శత్రు విమానం ఒక్కటీ జర్మనీ మీద ఎగరదని వాళ్ల వైమానిక దళాధిపతి గోరింగ్ కొట్టిన గొప్పను ఆ బొమ్మల కిందే రాసిపెట్టడం నాకు భలే నచ్చింది. నిజాం విమానాన్ని బెర్లిన్ నుంచి తరిమిన దండులోదీ, తరిమించుకున్నదీ ఇప్పుడు ఒక్క మ్యూజియంలోనే!

ఆస్ట్రేలియాకూ డి.హెచ్.9ఏ కొత్తదేం కాదు. మొదటి యుద్ధం ముగిశాక బ్రిటన్ వాళ్లకు కానుకగా పంపిన విమానాల్లో ఇవి 30 ఉన్నాయి. 1921లో పుట్టిన ఆస్ట్రేలియా వైమానిక దళానికి తొలినాటి బాంబర్లలో ఇవీ ఉన్నాయి.

‘హైదరాబాద్’ అని ఏకంగా ఒక భారీ బాంబర్‌కే పేరుంది. హ్యాండ్లీ పేజ్ కంపెనీ తయారుచేసింది, 1925లో కొలువులో చేరింది. ఒళ్లంతా కర్రే. బ్రిటిష్ దళంలో కర్రతో చేసిన భారీ బాంబర్లలో చివరిది.

ఆస్ట్రేలియా నౌకాదళంలో ‘నిజాం’ అనే యుద్ధనౌక కూడా ఉండేది. 1941లో కొలువుకెక్కి, క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించింది. జపాన్ లొంగిపోయిన రోజున టోక్యో అఖాతంలో నిలబడింది.

మళ్లీ బాంబర్ల విషయానికొస్తే, రెండో ప్రపంచయుద్ధంలో సొంతగడ్డ నుంచి ఆస్ట్రేలియా నడిపిన భారీ బాంబర్ అమెరికా లిబరేటర్. 1944 నుంచి దాదాపు 287 తీసుకున్నారు. మనకూ లిబరేటర్లు ఉండేవి, కాకపోతే కొన్నవి కావు. యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో తుక్కుకింద వదిలేసి పోయినవాటిని బెంగళూరు విమాన కర్మాగారం హెచ్.ఏ.ఎల్. వాళ్లు బాగుచేసి ఎగిరించారు. ఇంకెందుకూ పనికిరాకుండా పగలగొట్టి మరీ పోయిన వాటిని! ఆ విమానాలే 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి.