కోతల వేళ తుఫాను: ముందు మూడు రోజులు, తరువాత మూడు రోజులు

చేను పండి తల వంచి ఉంటుంది. కోత మిషనుకు బయానా ఇచ్చి ఉంటారు. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం అన్న కబురు వస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమ రైతులకు ఇది ఏటా ఉండే గండమే. అయితే ఆ కబురు విన్నాక చేసే పనిని బట్టి, వాన వెలిశాక చేసే పనిని బట్టి నష్టం సగానికి సగం తగ్గుతుంది. ఏం చేయాలో, ఏం చేయకూడదో చూద్దాం.

మన చలికాలం తీరు వేరు

లంబసింగిలో చలికాలమంటే మంచు. ఉత్తరాదిలో చలికాలమంటే పైరును మాడ్చే శీతగాలి. మన బందరు వైపు రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగడమే అరుదు. మనకు చలికాలపు దెబ్బ సముద్రం మీది నుంచి వస్తుంది. నైరుతి వెళ్లిపోయి ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే సరికి బంగాళాఖాతం నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. అల్పపీడనాలు అక్కడ బలం పుంజుకుని పడమటికి కదులుతాయి.

తేదీలు ఒకసారి చూడండి. 1864 నవంబరు 1న బందరును ఉప్పెన ముంచింది, సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే పదివేల మందికి పైగా చనిపోయారు. 2013 నవంబరు 22న హెలెన్ తుఫాను బందరు దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటుతూ మన జిల్లాలో కోతకొచ్చిన వరిని నేలకు పరిచింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం వైపు తీరం దాటింది. అన్నీ సార్వా వరి పాలు పోసుకునే రోజులకూ కుప్ప నూర్చే రోజులకూ మధ్యలోవే.

ఇప్పుడు మనుషుల ప్రాణాలు కాపాడుకునే ఏర్పాట్లు బాగా మెరుగయ్యాయి. బందరులో రాడార్ ఉంది, షెల్టర్లు ఉన్నాయి. తీరానికి తుఫాను రావడానికి 72 గంటల ముందే వాతావరణ శాఖ తొలి కబురు చెబుతుంది, 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది, 24 గంటల ముందు హెచ్చరిక ఇస్తుంది. ఆ మూడు రోజులు పంటను కాపాడుకోవడానికి కూడా మన చేతిలో ఉన్నట్టే.

కొయ్యాలా, ఆగాలా?

కబురు వినగానే చాలామంది చేసే పని ఒక్కటే. కూలీలను పిలిచి గబగబా కోయించేస్తారు. పనలు చేలో పరిచి ఉండగానే వాన పడుతుంది. కుప్ప తగలబెట్టి పేలాలు ఏరుకున్నట్టు అవుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. నిలబడి ఉన్న చేను వానకు పడిపోయినా చాలావరకు దక్కుతుంది. కోసి పనల మీద ఉన్న చేను నీటిలో మునిగితే రెండు మూడు రోజుల్లోనే మొలక వస్తుంది, గింజ రంగు మారుతుంది. కనుక కోసి, నూర్చి, ధాన్యాన్ని కప్పు కిందికి చేర్చే వ్యవధి ఉంటేనే కోతకు దిగండి. మిషను దొరికి, గింజ పూర్తిగా పండి, ఒకటిన్నర రోజులో ఇల్లు చేర్చగలిగితే మంచిదే. లేదంటే చేను అలాగే ఉంచి నీళ్లు పోయే దారి చూసుకోవడం మేలు.

అప్పటికే కోసి పనల మీద ఉంటే ఆరినవి ఆరినట్టు కట్టలు కట్టి మెరక మీద కుప్ప వేయండి. అడుగున గడ్డి గాని కంప గాని పరచాలి. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి ఉండేలా పేర్చి, పైభాగం గోపురంలా తీసుకు రావాలి. పైన బరకం కప్పి తాడుతో బిగించండి. బరకం ఒకటే ఉంటే కుప్ప పైభాగానికి వాడండి. పక్కల నుంచి వచ్చే జల్లు కంటే పై నుంచి దిగే నీరు ఎక్కువ చెరుపు చేస్తుంది. పనలు కొంచెం పచ్చిగా ఉండగానే కుప్ప వేయక తప్పకపోతే పొరపొరకూ కల్లుప్పు చల్లండి.

నీటికి దారి ముందే తీయాలి

దివిసీమలో గాని, బందరు కింది ఊళ్లలో గాని వాన నీరు చేలోంచి డ్రెయిన్లోకి, అక్కడి నుంచి సముద్రంలోకి పోవాలి. రత్నకోడు, లజ్జబండ, గుండేరు వంటి డ్రెయిన్లలో గుర్రపుడెక్క నిండి ఉంటే నీరు వెనక్కి తంతుంది. పెద్ద డ్రెయిను బాగుచేయడం ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. కాని మీ చేను గట్టు నుంచి పంట బోదె వరకు, బోదె నుంచి చిన్న మురుగు కాలువ వరకు ఉన్న దారి మీ చేతిలో ఉంది. ఆ వరసలోని రైతులంతా కలిసి ఒక్క పూట పనిచేస్తే అది శుభ్రమవుతుంది. కబురు వచ్చిన రోజునే గట్లకు గండ్లు కొట్టి ఉంచండి.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఇంకో సంగతి ఉంది. పోటు సమయంలో డ్రెయిను నీరు కదలదు, ఆటు సమయంలోనే లాగుతుంది. పున్నమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. తూములున్న చోట పోటు వేళ మూసి, ఆటు వేళ తెరిస్తే ఉప్పునీరు చేలోకి ఎక్కదు, వాన నీరు త్వరగా దిగుతుంది.

వాన వెలిశాక: చేను ఏ దశలో ఉంది?

మొదటి పని నీరు తీయడమే. ఆ తరువాత దశను బట్టి నడుచుకోవాలి.

పూత, పాలు పోసుకునే దశ: పడిపోయిన దుబ్బులను నాలుగైదు చొప్పున చేర్చి జడలా కట్టి నిలబెట్టండి. గింజ మీద మచ్చలు రాకుండా ప్రొపికొనజోల్ మందు లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున పిచికారీ చేయండి. ఈ దశలో యూరియా జోలికి పోవద్దు. ఎండాకు తెగులు, దోమ రెండూ పెరుగుతాయి.

గింజ గట్టిపడిన దశ: నీరు తీసి, వెన్ను నీటికి తగలకుండా కట్టలు కడితే చాలు. తొందరపడి కోయకండి. పచ్చి గింజ మిల్లులో నూకవుతుంది.

కోతకు సిద్ధమై పడిపోయిన చేను, పనల మీద తడిసిన చేను: వీటికి ఉప్పు నీరే మందు.

ఉప్పు నీరు ఎలా పనిచేస్తుంది?

పండిన గింజ నీరు పీల్చుకుంటేనే మొలక వస్తుంది. గింజ చుట్టూ ఉప్పు నీరు ఉంటే లోపలికి నీరు అంత తేలిగ్గా పోదు, మొలక ఆగుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, అంటే 5 శాతం ద్రావణం. ఎకరాకు 200 లీటర్ల నీరు కావాలి కనుక 10 కిలోల ఉప్పు పడుతుంది. కల్లుప్పు చాలు. బకెట్లో బాగా కరిగించి, గుడ్డతో వడగట్టి పంపులో పోయండి. వెన్నులు బాగా తడిసేలా కొట్టండి. పనలైతే ముందు గట్ల మీదికి చేర్చి, ఒకవైపు కొట్టి, తిరగేసి రెండో వైపు కొట్టండి. మళ్లీ వాన పడితే ఉప్పు కడుక్కుపోతుంది కనుక మళ్లీ కొట్టాలి. పని అయ్యాక పంపును మంచి నీళ్లతో కడగండి.

అసలే చౌడు నేల, ఇంకా ఉప్పు పోయమంటారేమిటని దివిసీమ రైతులు అడుగుతారు. ఎకరాకు 10 కిలోలంటే సెంటుకు 100 గ్రాములు. దానివల్ల నేల చౌడు బారదు.

ఖర్చు లెక్క చూసుకోండి. ఎకరాకు నాలుగు బస్తాలు మొలకెత్తి పోయాయనుకుందాం. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు రూ.2,369. ఆ లెక్కన 75 కిలోల బస్తా రూ.1,777 పడుతుంది, నాలుగు బస్తాలకు రూ.7,100 పైమాటే. కౌలు రైతు సంగతి చెప్పనక్కర్లేదు. పోయింది తన వంతులోంచే పోతుంది, భూమి యజమానికి కొలిచేది కొలవాల్సిందే. పది కిలోల ఉప్పు, ఒక పూట కూలి ఆ నష్టం ముందు ఎంత?

కళ్లంలో ధాన్యం

మిషను కోసిన ధాన్యంలో నెమ్ము ఎక్కువ. దాన్ని ఆ రాత్రికి గోతాల్లో ఉంచితే వేడెక్కి వాసన పడుతుంది, బియ్యం పసుపు రంగుకు తిరుగుతాయి. ఎండ లేకపోతే కప్పు కింద, వసారాలో, ఎక్కడ చోటుంటే అక్కడ పలచగా పరిచి గంటకోసారి కాలితో గీతలు గీస్తూ తిరగేయండి. పరిచే చోటు అసలు లేకపోతే క్వింటాలు ధాన్యానికి ఒక కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. ఊక తడిని లాగుతుంది, ఉప్పు మొలకను ఆపుతుంది. ఎండ రాగానే తూర్పారబట్టి ఆరబెట్టుకోవచ్చు.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. రంగు మారినవి, మొలకెత్తినవి, దెబ్బతిన్నవి అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. అందుకే తడిసిన ధాన్యాన్ని, తడవని ధాన్యాన్ని కలపకండి. పది బస్తాల తడి ధాన్యం కలిపితే ముప్పై బస్తాల మంచి ధాన్యం కూడా తిరుగు ముఖం పడుతుంది. వేరువేరుగా ఆరబెట్టి వేరువేరుగా అమ్మండి. తడిసిన చేలోంచి విత్తనం మాత్రం కట్టవద్దు.

మినుము చల్లిన వారికి

కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో చల్లిన మినుము ఒకటి రెండు రోజులు నీట నిలిస్తే కుళ్లిపోతుంది. చేతి వెడల్పు కాలువలు తీసి నీరు లాగండి. మొలిచిన పైరు పసుపు రంగుకు తిరిగితే పొటాషియం నైట్రేట్ లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పిచికారీ చేస్తే కోలుకుంటుంది. పూర్తిగా పోతే డిసెంబరు ఆఖరు లోపు మళ్లీ విత్తుకోవచ్చు, ఎకరాకు 16 నుంచి 18 కిలోలు. అంతకంటే ఆలస్యమైతే ఏ పంట మేలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడగండి. జనవరిలో మంచు ఎక్కువైతే బూడిద తెగులు వస్తుంది, ఆకు మీద తెల్ల పొడి కనబడగానే మందు కొట్టాలి.

గొడ్లు, చెరువులు

తుఫాను రాత్రి పశువుల తలుగులు విప్పి వదిలేయండి. కట్టుకొయ్యకు ఉన్న పశువు నీరు పెరిగితే తప్పించుకోలేదు. దూడలను, గొర్రెపిల్లలను పొడి గడ్డి మీద, గాలి కొట్టని చోట ఉంచండి. బూజు పట్టిన గడ్డి మేపవద్దు. తడిసిన గడ్డిని ముందు ఆరబెట్టి, తరువాతే వామి వేయండి.

గుడివాడ చుట్టుపక్కల చేపల చెరువులు, తీరంలో రొయ్యల చెరువులు ఉన్నవారు మబ్బు రోజుల్లో మేత తగ్గించాలి. మబ్బు పట్టిన తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోతుంది కనుక ఏరియేటర్లకు జనరేటరు, డీజిలు ముందే చూసుకోండి.

కాగితం పని మరవద్దు

అధికారి వచ్చి చూసేదాకా చేలో నీరు అలాగే ఉంచే రైతులున్నారు. అలా చేస్తే పరిహారం వచ్చేలోపు పంట పోతుంది. చేను మునిగి ఉండగా, గట్టు గుర్తులు కనబడేలా సెల్‌ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకోండి. వెంటనే నీరు తీసేయండి.

బీమా చేయించుకున్న వారు నష్టం జరిగిన 72 గంటల లోపు 14447 నంబరుకు గాని, బ్యాంకుకు గాని, రైతు సేవా కేంద్రానికి గాని తెలియజేయాలి. కోసి చేలో ఆరబెట్టిన పంట తుఫానుకు, అకాల వానకు పోతే, కోసిన నాటి నుంచి 14 రోజుల వరకు బీమా వర్తిస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. ప్రభుత్వ పెట్టుబడి రాయితీకి నష్టం 33 శాతం పైన ఉండాలి, ఈ-పంటలో పేరు ఉండాలి. కౌలు రైతులు సాగు హక్కు పత్రం తీసుకుని, తమ పేరునే నమోదు చేయించుకోవాలి. నష్టం జాబితా అంటించినప్పుడు వెళ్లి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోండి.

వచ్చే సార్వాకు ఇప్పుడే

పడిపోయే రకాల్లో తుఫాను నష్టం ఎక్కువ. సాంబ మసూరి గింజ సన్నం, ధర బాగుంటుంది, కాని గాలికి ఆగదు. పొలం మొత్తం ఒకే రకం వేయకుండా కొంత భాగంలో గట్టి కాండం ఉండి, గింజకు నిద్రావస్థ ఉన్న రకం వేసుకోండి. నిద్రావస్థ ఉంటే పండిన వెంటనే తడిసినా మొలక రాదు. చౌడు చేలకు బందరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాలు ఉన్నాయి. యూరియా మోతాదు మించకండి, పచ్చగా ఏపుగా పెరిగిన చేనే ముందు పడుతుంది.

దీపావళి నాటికి ఇంట్లో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి: చిల్లులు లేని బరకాలు, ఎకరాకు పది కిలోల కల్లుప్పు, పనిచేసే పంపు, తాళ్లు, రెండు పారలు. అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం ఉంటే జిల్లా కంట్రోల్ రూము నంబరు 1077. షెల్టరుకు వెళ్లమన్నప్పుడు మాత్రం ధాన్యం రాశి దగ్గర కాపలా ఉంటామని ఆగకండి. పంటను కాపాడుకునే పనులు గాలి రాకముందువి, వాన వెలిశాకవి. గాలి వీచే వేళ మనిషి ప్రాణమే ముందు.