చైను బండికి కందెన మరిస్తే వేసవి పని గోవిందా!

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో వేసవి అంటే రైతుకు తీరిక కాలం కాదు. తుంగభద్ర దిగువ కాలువలో నీరు ఆగిన తర్వాతే పూడిక తీయాలి. చెరువు మట్టి పొలానికి తోలుకోవాలి. గట్లు వేసుకోవాలి, చేను చదును చేసుకోవాలి. తొలకరి పడిందంటే నల్లరేగడిలో మనిషి కాలే దిగబడుతుంది, ఇక యంత్రం మాట చెప్పనక్కర్లేదు. ఆ రెండు మూడు నెలల పనికి ఊళ్ళు నమ్ముకునేది చైన్ల మీద నడిచే బండ్లనే. డోజరు, పొక్లెయిన్, హిటాచీ - పేరేదైనా, నడి పనిలో అది మొరాయిస్తే ట్రాక్టర్లు వరుసగా నిలిచిపోతాయి. బాడుగలు మీద పడతాయి. ఈలోగా వాన ముంచుకొస్తుంది.

ఇంజను గుండ్రాయిలా ఉన్నా బండి అడుగు కదలని సందర్భాలున్నాయి. అప్పుడు జబ్బు చైను చాటున దాగిన గేరుపెట్టెలో ఉంటుంది. దాని పేరు ఫైనల్ డ్రైవ్. కొత్తది వేయాలంటే లక్షల్లో మాట. దానిని కాపాడుకోవడానికి మాత్రం కావలసింది ఒక పార, ఒక పానా, కాస్త శ్రద్ధ.

మెత్తని నేల కోసమే చైను

చైను బండి పుట్టిందే మన రేగడిలాంటి మెత్తని నేల కోసం. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాక్టన్ పరిసరాల బురద పొలాల్లో ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు దిగబడిపోయేవి. 1904లో బెంజమిన్ హోల్ట్ అనే ఆయన వెనుక చక్రాలు తీసేసి, చెక్క పలకలు బిగించిన చైన్లు తగిలించి నడిపించాడు. గొంగళిపురుగులా పాకుతోందన్న అర్థంలో దానికి 'క్యాటర్‌పిల్లర్' అన్న పేరు వచ్చింది. మన దేశంలో 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ, పొరుగు రాష్ట్రంలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో డోజర్లు తయారు చేస్తోంది.

లోపల ఏముంది?

హిటాచీ రకం బండిలో ఇంజను పంపును తిప్పుతుంది. పంపు నుంచి వచ్చే ఆయిలు ఒత్తిడితో చైను దగ్గరున్న మోటారు తిరుగుతుంది. మోటారుది వేగమే తప్ప బలం కాదు. ఇరవై టన్నుల బరువును లాగడానికి ఆ వేగాన్ని తగ్గించి బలంగా మార్చే పని ఫైనల్ డ్రైవ్‌ది. మోటారు నలభై యాభై చుట్లు తిరిగితే చైనును లాగే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్, సుమారు ఒక చుట్టు తిరుగుతుంది. డోజర్లో దారి వేరైనా చివరి పని ఇదే. ఈ భారమంతా మోసే గేర్లూ బేరింగులూ కొద్ది లీటర్ల గేరు ఆయిల్లో బతుకుతాయి. ఎద్దుల బండి ఇరుసుకు కందెన ఎలాగో దీనికి ఈ ఆయిలు అలాగ.

ఆ ఆయిలు బయటికి పోకుండా, మట్టి లోపలికి రాకుండా కాపలా కాసేది ఒక సీలు. అద్దంలా నున్నగా అరగదీసిన రెండు ఇనుప రింగులు ఒకదానికొకటి ఆనుకుని తిరుగుతాయి. వాటి వెనుక రెండు రబ్బరు రింగులుంటాయి. రేగడి దెబ్బ తీసేది ఇక్కడే. తడి మట్టి స్ప్రాకెట్ సందుల్లో కూరుకుని, ఎండి ఇటుకలా బిగుస్తుంది. పత్తి కట్టె, ముళ్ళ తీగ, డ్రిప్ పైపు ముక్క చుట్టుకుంటే సీలును కోసేస్తాయి. ఆయిలు కారిపోతుంది, మట్టి చేరుతుంది, గేర్లు నలిగిపోతాయి.

రోజూ చూడవలసినవి

సాయంత్రం పని ఆపగానే, మట్టి ఎండకముందే, ఇంజను ఆపి స్ప్రాకెట్ చుట్టూ పారతో గీకేయాలి. లోపలి వైపు నూనె తడి కనిపిస్తే తెల్లవారి పని మొదలుపెట్టకూడదు.

ఆయిలు మట్టం చూడాలంటే బండిని చదునైన నేల మీద, అడుగు ప్లగ్గు సరిగ్గా కిందికి వచ్చేలా నిలపాలి. వేడి తగ్గాక లెవెల్ ప్లగ్గును మెల్లగా విప్పాలి. ఆయిలు ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. ఎన్ని గంటలకొకసారి మార్చాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. తీసిన ఆయిలును పారబోయకుండా పళ్ళెంలో పట్టి చూడాలి. సన్నని మెరుపు ఉంటే అరుగుదల. గోరంత ఇనుప ముక్క దొరికితే బేరింగో పన్నో విరిగినట్టే. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు. మట్టం తగ్గకుండా పెరిగిందని సంతోషించకూడదు. మోటారు సీలు పోయి హైడ్రాలిక్ ఆయిలు ఇందులోకి దిగుతోందన్న మాట.

బురదలో చైనును మరీ బిగించరాదు. స్ప్రాకెట్‌లో మట్టి కూరుకునేకొద్దీ చైను తానే బిగుస్తుంది, ఆ లాగుడంతా బేరింగుల మీద పడుతుంది. ఊరి నుంచి ఊరికి బండిని నడిపించుకుంటూ పోకుండా ట్రాలీ మీద తీసుకెళ్ళాలి.

విప్పవలసి వస్తే

చెట్టు కింద, గాలి దుమ్ములో ఫైనల్ డ్రైవ్ విప్పడం కొత్త జబ్బు కొనితెచ్చుకోవడమే. ముందు బయట శుభ్రంగా కడగాలి. చైను వదులు చేసేటప్పుడు గ్రీజు వాల్వుకు ఎదురుగా ఎవరూ నిలబడరాదు. లోపలి ఒత్తిడికి గ్రీజు తూటాలా దూసుకువచ్చి ప్రాణం తీయగలదు. వాల్వును కొద్దికొద్దిగానే తిప్పాలి, పూర్తిగా విప్పరాదు. బండిని జాకీ మీదే వదలకుండా దిమ్మెలు పెట్టాలి. పైపుల మూతులు మూసేయాలి.

విప్పే ముందు ప్రతి భాగానికీ గుర్తు పెట్టుకోవాలి. సీలు రింగులను ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పనికిరాదు. రబ్బరుకు నూనె అంటకూడదు, ఇనుప రింగుల ముఖానికి మాత్రం పలుచగా రాయాలి. రింగు వంకరగా కూర్చుంటే మొదటి రోజే కారుతుంది. బేరింగుల బిగువును చేతి అంచనాతో కాక కొలిచి, పుస్తకంలోని లెక్క ప్రకారం ఉంచాలి. ఎక్కువ బిగిస్తే కాలిపోతుంది, తక్కువైతే ఊగి పళ్ళు తింటుంది. బిగించాక ఆయిలు పోసి, చైను నేలకు తగలకుండా ఎత్తి, అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి చూసి పనికి పంపాలి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఒక్క గొలుసు తెగితే ఏమవుతుందో ఈ కాలువ కింది రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. చెరువు పనికి బండిని మాట్లాడుకునేటప్పుడు గంటకు ఎంత అని అడగడంతో పాటు, స్ప్రాకెట్ వెనక్కి ఒకసారి వంగి చూడటం మేలు. అక్కడ నూనె కారుతుంటే, బాడుగ తక్కువని ఆశపడి ఒప్పుకున్న పని వానల్లో పడుతుంది.