మధుమేహంలో అరికాళ్ళు ఎందుకు మొద్దుబారుతాయి?

మౌలాలి గుట్టమీది దర్గాకు చేరాలంటే వందల మెట్లెక్కాలి. వేసవి మధ్యాహ్నం ఆ కొండరాయి పెనంలా కాలుతుంది. చెప్పులు లేనివాడు అడుగు మోపీ మోపకముందే కాలు వెనక్కు తీసుకొంటాడు. చిరకాలంగా మధుమేహం ఉన్నవారిలో కొందరు మాత్రం చల్లని గచ్చుమీద నడిచినట్లే నడిచిపోగలరు. పాదం బొబ్బలెక్కిన సంగతి ఇంటికి వెళ్ళి చూసుకొంటే గాని వారికి తెలియదు. ఇది ఓర్పు కాదు. వార్తను మోసే నరం చెడిపోయింది.

నరాన్ని చెరిచేది చక్కెర ఒక్కటే కాదు, చక్కెర ఖర్చయ్యేటప్పుడు పుట్టే ఒక వ్యర్థ పదార్థానికి కూడా ఇందులో భాగమున్నదని జీవరసాయన శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

కణంలో గ్లూకోజు అణువు విరిగి, మూడేసి కార్బను పరమాణువులున్న రెండు ముక్కలవుతుంది. ఈ ముక్కలలో అత్యల్పభాగం దారితప్పి మిథైల్ గ్లయాక్సాల్‌గా మారుతుంది. పొయ్యి మండినంతసేపూ కాస్త పొగ రావడం వంటిదే ఇదీ. ఆరోగ్యవంతుని దేహంలోనూ ఇది పుడుతూనే ఉంటుంది. 1913లో కనుగొన్న గ్లయాక్సలేజ్ అనే ఎంజైము, గ్లూటాథయోన్ సాయంతో, దానిని లాక్టిక్ ఆమ్లంగా మార్చి అపాయం లేకుండా చేస్తుంది.

నరంలోకి ప్రవేశించడానికి గ్లూకోజుకు ఇన్సులిన్ అనుమతి అక్కరలేదు. కనుక రక్తంలో చక్కెర పెరిగితే నరంలోనూ పెరుగుతుంది. అలా మిగులుబడిన గ్లూకోజులో కొంత సార్బిటాల్‌గా మారుతుంది. ఈ మార్పుకు ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే పదార్థం ఖర్చవుతుంది. చిక్కేమంటే, వాడుకలో చెడిన గ్లూటాథయోన్‌ను తిరిగి బాగుచేయడానికి కావలసినదీ అదే! పొగ ఎక్కువైన సమయంలోనే పొగగొట్టం పూడుకుపోతున్నదన్నమాట.

విరుగుడు చాలని మిథైల్ గ్లయాక్సాల్ ప్రోటీనులకు అంటుకొని వాటి నడవడిని మారుస్తుంది. నొప్పిని తెలిపే నరాలలో సోడియం ప్రవేశించే ఒక ద్వారాన్ని ఇది మార్చివేసి, ఆ నరాలు అకారణంగా ఉద్రేకం చెందేటట్లు చేస్తుందని 2012లో ప్రచురితమైన పరిశోధన ఎలుకలలో చూపింది. రోగులు చెప్పే అరికాళ్ళ మంటలకు, సూదిపోట్లకు ఇదొక కారణం కావచ్చు. కొందరిలో క్రమంగా నరాల కొనలు నశించి, మంట పోయి, మొద్దు మిగులుతుంది. మంట తగ్గిందని సంతోషించే రోగి మోసపోయేది ఇక్కడే.

ముందుగా పాదాలకే ఎందుకు? నడుమునుండి కాలివేళ్ళదాకా పోయే నరపుతంతువు పొడవు సుమారు ఒక మీటరు. దాని మరమ్మతు సామగ్రి వెన్నుదగ్గరి కణదేహం నుండి రావాలి. నీరు తగ్గినప్పుడు కాలువ చివరి పొలాలే ముందు ఎండుతాయి గదా!

నేరమంతా ఈ ఒక్క పదార్థానిదే అనడానికి వీలులేదు. మొదటిరకం మధుమేహంలో చక్కెరను గట్టిగా అదుపుచేస్తే నరాల జబ్బు 60 శాతం దాకా తగ్గినదని 1993లో వెలువడిన అమెరికా, కెనడాల పరిశోధన తెలిపింది. రెండవరకంలో ఫలితం అంతగా కనబడలేదు. అక్కడ స్థూలకాయం, రక్తంలోని కొవ్వులు కూడా నరాలకు కీడు చేస్తున్నట్లున్నవి.

పరీక్ష సులభమైనదే. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును వైద్యుడు అరికాలికి ఆనించి, కళ్ళు మూసుకొన్న రోగిని, తెలిసిందా అని అడుగుతాడు. తెలియలేదన్నవారు వట్టికాళ్ళతో నడవరాదు. రాత్రి పడుకొనేముందు అరికాళ్ళను దీపపు వెలుగులో, అవసరమైతే అద్దం పెట్టుకొని, చూసుకొంటూ ఉండాలి.